మెటల్ వాల్వా, టిష్యూ వాల్వా: సంతకం పెట్టే ముందు ఇంట్లో తేల్చుకోవాల్సిన సంగతులు

"మెటలా, టిష్యూనా? రేపు రౌండ్స్‌కి వచ్చేలోపు మీరంతా అనుకుని చెప్పండి." 2011లో చెన్నైలో మా తమ్ముడి సర్జన్ ఈ మాట చెప్పి పక్క బెడ్ దగ్గరికి వెళ్లిపోయారు. నేనూ అమ్మా మరదలూ వరండాలోకొచ్చి ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. తమ్ముడికి అప్పుడు 34 ఏళ్లు. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం, గుండెలో రక్తాన్ని ఒకే వైపు పోనిచ్చే తలుపుల్లో ఒకటైన మైట్రల్ వాల్వ్‌ని పాడుచేసింది. "ఏదక్కా మంచిది?" అని వాడు నన్నే అడిగాడు. నాకేం తెలుసు? ఏది ఖరీదో అదే మంచిదనుకున్నా.

ఈ పద్నాలుగేళ్లలో సూళ్లూరుపేట నుంచి లోకల్ ట్రైన్‌లో వాడు చెకప్‌కి వచ్చిన ప్రతిసారీ వెంట ఉన్నాను. నెల్లూరు, గూడూరు, తిరుపతి నుంచి గుండె ఆపరేషన్‌కి చెన్నై వచ్చే మనవాళ్లు చాలామంది ఇదే ప్రశ్న అడుగుతున్నారు. డాక్టర్లు తమిళంలోనో ఇంగ్లీషులోనో చెబుతుంటే మనం "సరి, సరి" అని తలూపి బయటికొస్తాం. తర్వాత లిఫ్ట్ దగ్గర ఒకరినొకరు "ఏమన్నాడు?" అని అడుగుతాం. నేను డాక్టర్ని కాను. అయినా ఆ తలూపడానికి ముందు ఏమేం ఆలోచించాలో ఇప్పుడు చెప్పగలను.

నాకు అర్థమైన అసలు సంగతి ఒకటుంది. వాల్వ్‌ని చెన్నైలో పెడతారు, దానితో బతకాల్సింది మాత్రం మన ఊళ్లో. కాబట్టి ఏ వాల్వ్ గొప్పదని అడిగే ముందు, ఏ వాల్వ్ అడిగే పనిని మన ఇల్లు ముప్పై ఏళ్లపాటు చేయగలదో చూసుకోవాలి.

ముందు ఒక ప్రశ్న: మార్చక తప్పదా?

వాల్వ్ బిగుసుకుపోయి ఉంటే, దాని తీరు అనుకూలంగా ఉంటే, తొడ నరం (రక్తనాళం) గుండా బెలూన్ పంపి తెరుస్తారు. లీకు ఉంటే కొన్నిసార్లు రిపేరు చేయవచ్చు. సొంత వాల్వ్ మిగిలితే దానంత మేలు ఇంకొకటి లేదు. "రిపేరు కుదరదా సార్?" అని ఒక్కసారి నోరు తెరిచి అడగండి. కుదరదంటేనే మిగతాది.

తేల్చుకోవడానికి ఆరు విషయాలు

వయసు. ఏ వాల్వ్ అనేది, అంటే గుండె ఎడమ గదుల మధ్య ఉండే మైట్రలా, గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలో ఉండే అయోర్టికా. ఇంటికి ఎంత దూరంలో నమ్మకంగా, రక్తం గడ్డకట్టే తీరు చూసే పీటీ-ఐఎన్‌ఆర్ పరీక్ష చేసే ల్యాబ్ ఉంది. ఆడపిల్లయితే ఇంకా పిల్లల్ని కనాలా. రక్తం గడ్డకట్టకుండా మందు వేసుకోవాల్సిన కారణం ఇంకేదైనా ముందే ఉందా. పదిహేనేళ్ల తర్వాత ఇంకో ఆపరేషన్‌కి ఒంట్లో ఓపిక, చేతిలో డబ్బు ఉంటాయా.

మొదటి రెండూ డాక్టర్లు చూసుకుంటారు. మూడోది మాత్రం మనల్ని ఎవరూ అడగరు. నా దృష్టిలో బరువైనది అదే.

రెండింటి తీరు

మెటల్ అని పిలుస్తాం గానీ, ఇప్పుడు ఎక్కువగా పెట్టే మెకానికల్ వాల్వ్‌లలో తెరుచుకుని మూసుకునే రెండు రెక్కలు పైరోలిటిక్ అనే గట్టి రకం కార్బన్‌వి. ఇలాంటి రెండు రెక్కల వాల్వ్‌ని 1977లో మొదట మనిషికి పెట్టారు. మన దేశంలో తయారైన చిత్ర వాల్వ్‌ది వేరే పద్ధతి. ఒకే బిళ్ల ఒరిగి తెరుచుకుంటుంది. తిరువనంతపురం శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం దీన్ని రూపొందించింది. 1990 డిసెంబర్‌లో తొలిసారి మనిషికి అమర్చారు. టీటీకే సంస్థ తయారుచేసే ఈ వాల్వ్ లక్షమందికి పైగా గుండెల్లో ఆడింది. ధర తక్కువని దాన్ని చిన్నచూపు చూడకండి.

టిష్యూ వాల్వ్ అంటే ఆవు గుండె చుట్టూ ఉండే పొరతోనో, పంది వాల్వ్‌తోనో చేసినది. కొన్ని ఇళ్లలో ఈ మాట వినగానే పెద్దవాళ్లు బిగుసుకుపోతారు. మనసులో దాచుకోకుండా డాక్టరుతో చెప్పండి. దేనితో చేసిందో అడిగి తెలుసుకునే హక్కు మీకుంది.

| చూడాల్సింది | మెకానికల్ | టిష్యూ |
|---|---|---|
| మన్నిక | వాల్వ్ దానంతట అది అరగడం చాలా అరుదు. జీవితాంతం ఉండేలా చేస్తారు | సాధారణంగా 10 నుంచి 15 ఏళ్లు. చిన్న వయసులోనూ, మైట్రల్ చోటా ఇంకా ముందే పాడవుతుంది |
| రక్తం గడ్డకట్టకుండా మందు | జీవితాంతం, ఒక్కరోజూ మానకుండా | మొదటి కొన్ని నెలలు. గుండె లయ తప్పుతుంటే ఆ తర్వాత కూడా |
| ఐఎన్‌ఆర్ పరీక్ష | నిలకడగా ఉన్నా క్రమంగా, బతికున్నంత కాలం | మందు ఉన్నంతవరకే |
| పెద్ద రక్తస్రావం | ఏటా వందలో 1 నుంచి 2 మందికి | తక్కువ |
| గడ్డ, పక్షవాతం | మందు సరిగా వాడినా ఏటా వందలో సుమారు 1 నుంచి 2 మందికి | తక్కువ, సున్నా కాదు |
| ఇన్‌ఫెక్షన్ | రెండింటికీ భయమే | రెండింటికీ భయమే |
| రెండో ఆపరేషన్ | తక్కువ మందికి | చిన్న వయసువాళ్లకు దాదాపు ఖాయం |
| చప్పుడు | టిక్ టిక్ వినిపిస్తుంది | వినిపించదు |

ఏడాదికి వందలో ఒకరిద్దరంటే చిన్న లెక్కలా కనిపిస్తుంది. కాగితం మీద పెట్టి చూడండి. ఏటా ఒక శాతం చొప్పున ఇరవై ఏళ్లు సాగితే, వందలో సుమారు 18 మందికి ఒక్కసారైనా పెద్ద రక్తస్రావం. రెండు శాతమైతే 33 మందికి. అలాగని టిష్యూ వైపు ఒరిగిపోకండి. ముప్పై ఏళ్లవాడికి టిష్యూ పెడితే అరవై వచ్చేలోపు ఇంకొకటో రెండో ఆపరేషన్లు లెక్కలో ఉంచుకోవాలి. మొదటిసారి తెరిచిన ఛాతీలో లోపల అతుకులు పడతాయి కాబట్టి, రెండోసారి తెరవడం అంత తేలిక కాదు.

వయసు లెక్క

అమెరికా వైద్యుల 2020 మార్గదర్శకాల ప్రకారం అయోర్టిక్ అయితే 50 లోపువాళ్లకు మెకానికల్, 65 దాటితే టిష్యూ, మధ్యలో ఉన్నవాళ్లు మాట్లాడుకుని తేల్చుకోవాలి. మైట్రల్ అయితే 65 లోపు మెకానికల్ వైపు మొగ్గుతారు. యూరప్ వాళ్లు అయోర్టిక్‌కి ఆ గీతను 60 దాకా జరిపారు. కాలిఫోర్నియా రోగుల మీద 2017లో వచ్చిన పెద్ద పరిశీలనలో, మెకానికల్ పెట్టించుకున్నవాళ్లు ఎక్కువ కాలం బతకడమనే లాభం అయోర్టిక్‌లో 55 ఏళ్ల దాకా, మైట్రల్‌లో 70 దాకా కనిపించింది.

ఇవన్నీ పక్కవీధిలో ల్యాబ్ ఉన్న దేశాల లెక్కలు. పైగా మన దగ్గర రుమాటిక్ జబ్బుతో వచ్చేవాళ్లు పాతికేళ్లకే, ముప్పై ఏళ్లకే వస్తారు. వయసును బట్టి వాళ్లకు మెకానికలే నప్పుతుంది. ఊరిని బట్టి చూస్తే అదే కష్టం. ఈ మెలిక దగ్గరే కుటుంబం కూర్చుని మాట్లాడుకోవాలి.

మెకానికల్‌తో బతకడమంటే

మా తమ్ముడి దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. అట్ట చిరిగితే పాత క్యాలెండర్ కాగితంతో వేశాడు. లోపల నాలుగు గళ్లు: తేదీ, ఐఎన్‌ఆర్, మాత్ర ఎంత, ఆ వారం ఏం జరిగింది. నాలుగో గడి వాడి సొంత ఆలోచన. "విరేచనాలు 3 రోజులు", "మునగాకు రోజూ", "పెళ్లి, రెండురోజులు భోజనం సరిగా లేదు" అని రాసుకుంటాడు. ఐఎన్‌ఆర్ ఎగిరినా పడినా కారణం దాదాపు ప్రతిసారీ ఆ గడిలోనే దొరికింది.

రక్తం పల్చన చేసే మందు అని వాడుకలో అంటాం. నిజానికి రక్తం పల్చబడదు, గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. ఎంత ఆలస్యమవుతోందో ఐఎన్‌ఆర్ చెబుతుంది. మందు వేసుకోని మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. మైట్రల్ మెకానికల్ వాల్వ్‌కి మామూలుగా 2.5 నుంచి 3.5 మధ్య, అయోర్టిక్‌కి వేరే ఇబ్బందులేవీ లేకపోతే 2 నుంచి 3 మధ్య ఉండేలా చూస్తారు. మీ అంకె ఏదో డాక్టరు చేతే రాయించుకోండి. తగ్గితే వాల్వ్ మీద గడ్డ, పెరిగితే రక్తస్రావం.

మన దగ్గర ఎక్కువగా రాసేవి రెండు: వార్ఫరిన్, ఎసిట్రోమ్ పేరుతో దొరికే ఎసినోకౌమరాల్. రెండోది ఒంట్లోంచి త్వరగా వెళ్లిపోతుంది. మాత్ర మరిచిపోతే రక్షణ కూడా అంతే త్వరగా పోతుంది. సాయంత్రం ఒకే వేళకు వేసుకోమనడానికి కారణముంది. పొద్దున పరీక్ష చేయిస్తే, రిపోర్టు చూసి ఆ సాయంత్రం మాత్రనే మార్చుకోవచ్చు. పరీక్షకు పరగడుపున ఉండనక్కర్లేదు. ఒకపూట మరిచిపోతే అదేరోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి, మర్నాడు రెండు కలిపి మింగకూడదు.

ఆకుకూరలు మానేయమని చుట్టాలు చెబుతారు. మానక్కర్లేదు. పాలకూర, తోటకూర, గోంగూర, మునగాకుల్లో ఉండే విటమిన్-కె మందుకు ఎదురు పనిచేస్తుంది, నిజమే. కావాల్సింది నిలకడ. వారానికి రెండుసార్లు తినే అలవాటుంటే రెండుసార్లే తినండి. కార్తీకమాసమంతా ఆకుకూరలే తిని, తర్వాత నెల ముట్టకపోతే ఐఎన్‌ఆర్ ఊగిపోతుంది.

ఇక మందుల షాపు. నాకు చెప్పాలని తపన ఉన్న భాగం ఇదే. 2018లో తమ్ముడికి జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే ఊళ్లో ఒక షాపులో డైక్లోఫెనాక్‌తో పాటు ఒక యాంటీబయాటిక్ ఇచ్చారు. వీడూ వాల్వ్ సంగతి చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. ఐదోరోజు పొద్దున ఫోన్ చేసి, "అక్కా, విరేచనం తారులాగా నల్లగా అయింది" అన్నాడు. చెన్నై తీసుకొచ్చేసరికి ఐఎన్‌ఆర్ 7.8. నాలుగు రోజులు ఐసీయూలో ఉంచి, విటమిన్-కె ఇచ్చి, మెల్లగా దారికి తెచ్చారు. నల్లటి విరేచనమంటే లోపల రక్తం పోతోందని ఆరోజుదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

కాబట్టి నొప్పి మాత్రల్లో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ముట్టకండి. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, ఫ్లూకొనజోల్ లాంటివి ఐఎన్‌ఆర్‌ని పెంచుతాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ మందు మోతాదును తారుమారు చేస్తాయి. పారాసెటమాల్ మంచిదే గానీ, రోజుల తరబడి ఎక్కువ మోతాదులో వేసుకుంటే అదీ పెంచుతుంది. కొత్త మందు ఏది మొదలుపెట్టినా, ఏది ఆపినా నాలుగైదు రోజుల్లో ఒకసారి పరీక్ష చేయించండి. ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు ప్రేమగా "ఒక సూది వేస్తా" అంటే వద్దనండి. పిరుదు కండరంలో వేసే సూదితో లోపల రక్తం గడ్డలా నిలవచ్చు. రుమాటిక్ జబ్బుకి 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది వేయించుకునేవాళ్లు, వాల్వ్ మార్చాక మాత్రలకు మారాలా అని తప్పకుండా అడగాలి.

రెండోవైపు ప్రమాదం గడ్డకట్టడం. పరీక్షకు కూర్చున్న హాల్లో మాకు పరిచయమైన నాయుడుపేట ఆవిడ ఒక ఆకు మందు నమ్మి మూడు వారాలు మాత్రలు మానేసింది. ఒకరోజు మెట్లెక్కుతుంటే ఊపిరాడలేదు. రాత్రిపూట వినిపించే టిక్ టిక్ మందగించిందని ముందు గమనించింది వాళ్లాయన. వాల్వ్ రెక్క గడ్డలో ఇరుక్కుంది. గడ్డ కరిగించే మందు ఎక్కించి బయటపడేశారు. అందరికీ అది కుదరదు, కొందరికి వెంటనే ఛాతీ తెరవాల్సి వస్తుంది. చప్పుడు మారడం, కొత్తగా ఆయాసం, మాట తడబడటం, చెయ్యో కాలో పడిపోవడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

అరుదుగా వాల్వ్ చుట్టూ కండ పెరిగి రెక్కకు అడ్డుపడుతుంది. కుట్టు పక్కనుంచి లీకు రావచ్చు. ఆ లీకులో రక్తకణాలు నలిగితే మూత్రం ముదురు రంగులోకి తిరిగి, రక్తహీనత వస్తుంది. ఏటా ఎకో (గుండె స్కానింగ్) తీయమనేది ఇందుకే.

"పరీక్షలు అక్కర్లేని కొత్త మాత్రలున్నాయట కదా" అని చాలామంది అడుగుతారు. మెకానికల్ వాల్వ్‌కి అవి పనికిరావు. వాటిలో ఒకటైన డబిగట్రాన్‌తో చేసిన ప్రయోగాన్ని గడ్డలు, రక్తస్రావాలు ఎక్కువ కావడంతో మధ్యలోనే ఆపేశారు, 2013లో ఫలితాలు వచ్చాయి. ఆన్-ఎక్స్ అనే వాల్వ్‌తో అలాంటిదే అయిన ఎపిక్సబాన్ వాడి చూసిన ప్రయోగాన్ని కూడా 2022లో ఆపారు. ఆ ఆన్-ఎక్స్ వాల్వ్‌ని అయోర్టిక్ చోట పెట్టినవాళ్లకు మాత్రం, మూడు నెలల తర్వాత ఆస్పిరిన్ తోడుగా ఐఎన్‌ఆర్ 1.5 నుంచి 2 మధ్య చాలని అమెరికా 2015లో అనుమతించింది. దానికీ వార్ఫరినే, పరీక్షలూ తప్పవు.

టిష్యూతో బతకడమంటే

రోజువారీ జీవితం తేలిక. వెల తర్వాత చెల్లిస్తాం. పాడవడం ఒక్కరోజులో జరగదు, ఎకోలో మెల్లగా కనిపిస్తుంది. అందుకే ఆయాసం లేదని ఎకో మానేసినవాళ్లు చివరికి అత్యవసరంగా చేరతారు. అప్పుడు చేసే రెండో ఆపరేషన్ చాలా ప్రమాదం. ముందే చూసుకుని చేయించుకుంటే అంత భయం లేదు.

పాడైన టిష్యూ వాల్వ్ లోపలే ఇంకో వాల్వ్‌ని తొడ నరం గుండా పంపి అమర్చే పద్ధతి ఇప్పుడు చెన్నైలోనూ జరుగుతోంది. ఛాతీ కోయనక్కర్లేదు. కానీ ఖర్చు బాగా ఎక్కువ. మొదట పెట్టిన వాల్వ్ సైజు చిన్నదైతే లోపల ఇంకొకటి సరిగా పట్టదు. "తర్వాత అలా వేసుకోవచ్చులే" అని ఎవరైనా ధైర్యం చెబితే, ఏ సైజు పెడుతున్నారు, రేపు లోపల ఇంకోటి పడుతుందా అని అడిగి సమాధానం రాసుకోండి.

ఎవరికి ఏది

ముప్పై, నలభైల్లో ఉన్న మగవాడు, టౌన్‌లో ఉద్యోగం, దగ్గర్లో ల్యాబ్, మాత్ర మరవని స్వభావం ఉంటే మెకానికల్. ఇందులో నాకు సందేహం లేదు.

అదే వయసు, లారీ డ్రైవరో, బోట్ల మీద వారాలపాటు సముద్రంలో ఉండేవాడో, తాగుడు అలవాటున్నవాడో అయితే ఆగి ఆలోచించాలి. ఐఎన్‌ఆర్ చూసుకోని మెకానికల్ వాల్వ్ కన్నా, పన్నెండేళ్లకు పాడయ్యే టిష్యూ వాల్వే వాడిని కాపాడవచ్చు. ఇంట్లోనే వేలికొన చుక్కతో ఐఎన్‌ఆర్ చూసే చిన్న మిషన్లున్నాయి. స్ట్రిప్పుల ఖర్చు భరించగలిగితే దూరం బాధ చాలావరకు తీరుతుంది.

ఇంకా పిల్లల్ని కనాల్సిన అమ్మాయి అయితే అన్నిటికన్నా కష్టమైన ఎంపిక. వార్ఫరిన్ జాతి మందులు గర్భం 6 నుంచి 12 వారాల మధ్య బిడ్డకు అవయవ లోపాలు తేవచ్చు. రోజుకు 5 మిల్లీగ్రాముల లోపు వార్ఫరిన్ సరిపోయేవాళ్లకు ఆ ముప్పు తక్కువ. దాని బదులు, అదీ గడ్డకట్టనివ్వని మందే అయిన హెపారిన్ సూదులు వాడితే బిడ్డకు మంచిదే, తల్లి వాల్వ్‌కి గడ్డ ప్రమాదం పెరుగుతుంది. కాన్పు దగ్గరపడ్డాక మందు మార్చి, పెద్దాసుపత్రిలోనే కాన్పు జరగాలి. అందుకే చాలామంది టిష్యూ ఎంచుకుంటారు, కానీ ఆ వయసులో అది త్వరగా పాడవుతుంది. పిల్లలు పుట్టాక ఇంకో ఆపరేషన్ ఉంటుందని అమ్మాయికీ, అత్తవారికీ ముందే తెలిసుండాలి. దాచిపెట్టి పెళ్లి చేయకండి. గర్భం వచ్చాక కాదు, అనుకున్నప్పుడే గుండె డాక్టరునీ ప్రసూతి డాక్టరునీ కలవాలి. పాలివ్వడానికి మాత్రం వార్ఫరిన్ అడ్డు కాదు.

65 దాటిన పెద్దవాళ్లకు టిష్యూ. అయోర్టిక్ బిగుసుకుపోయి, ఆపరేషన్ తట్టుకోలేరనుకుంటే తొడ నరం గుండా వేసే పద్ధతి.

గుండె లయ తప్పి ముందునుంచే వార్ఫరిన్ మీద ఉన్నవాళ్లు, మందు ఎలాగూ తప్పదు కాబట్టి మెకానికల్ గురించి ఇంకాస్త ఎక్కువగా ఆలోచించవచ్చు. రుమాటిక్ మైట్రల్ రోగుల్లో ఇది చాలా మామూలు. కడుపులో పుండ్లు, లోపల రక్తస్రావం చరిత్ర ఉన్నవాళ్లకు లెక్క తిరగబడుతుంది.

ఏది పెట్టించుకున్నా

పన్ను పీకించుకునే ముందు, చిగుళ్ల క్లీనింగ్ ముందు యాంటీబయాటిక్ కావాలి. డెంటిస్టుకు వాల్వ్ సంగతి చెప్పండి. పన్ను పని ఉంది కదా అని మీ అంతట మీరు రక్తం మందు ఆపేయకండి. జ్వరం రెండుమూడు రోజులు దాటితే, యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే రక్తం కల్చర్ పరీక్షకు ఇవ్వాలి. ముందే మాత్రలు మింగేస్తే వాల్వ్‌కి పట్టిన క్రిమి పరీక్షలో దొరక్కుండా పోతుంది.

డిశ్చార్జి రోజు ఒక చిన్న కార్డు ఇస్తారు: వాల్వ్ పేరు, ఏ చోట పెట్టారు, సైజు, సీరియల్ నంబరు, తేదీ. బిల్లులతో కలిపి బీరువాలో పెట్టేయకండి. మా తమ్ముడు దాన్ని లామినేట్ చేయించి, వెనకవైపు తన ఐఎన్‌ఆర్ ఎంత ఉండాలో, వేసుకునే మాత్ర పేరు, నా ఫోన్ నంబరు రాసి, పర్సులో రైలు పాసు వెనకాల పెట్టుకుంటాడు. ఫోటో మరదలి ఫోన్లోనూ ఉంది, నా ఫోన్లోనూ ఉంది.